ఆ గిన్నె మళ్లీ బయటికి రాదు

ప్రశ్న: ఎబోలా రోజుల్లో పశ్చిమ ఆఫ్రికాలో కొన్ని ఊళ్లవాళ్లు చికిత్సా కేంద్రాలకు అడ్డుపడ్డారని చదివాను. ప్రాణం కాపాడటానికి వచ్చినవాళ్లంటే అంత భయం ఎందుకు? చదువు లేకపోవడమేనా కారణం? మీరు అక్కడ నర్సుగా పనిచేశారు కాబట్టి అడుగుతున్నాను. (ఒక పాఠకురాలు)

జవాబు: చదువు లేక కాదండీ. వెళ్లేముందు నేనూ మీలాగే అనుకున్నాను, అందుకే ఆ మాట ముందు చెబుతున్నాను.

2014 సెప్టెంబరులో సియెర్రా లియోన్‌లోని కైలాహున్ జిల్లాకు వెళ్లాను. ఒకవైపు గినియా, ఇంకోవైపు లైబీరియా ఉండే మూల అది. వానలు, ఎర్రమట్టి రోడ్లు. ఆ ఊళ్లో ఉన్నవాళ్ల కళ్లతో ఒకసారి చూడండి. ఇంట్లో ఒకరికి జ్వరం వస్తుంది. ముఖం కూడా కనపడకుండా కప్పుకున్న మనుషులు బండి దిగి, ఇల్లంతా క్లోరిన్ కొట్టి, జ్వరమొచ్చిన మనిషిని ఎక్కించుకుపోతారు. కొన్నాళ్లకు పోయారని కబురు వస్తుంది. శవాన్ని కడగనివ్వరు, ముట్టుకోనివ్వరు. ఎబోలాతో పోయినవాళ్ల ఒంటినుంచే రోగం బాగా అంటుతుంది కాబట్టి ఆ నియమం తప్పదు. కానీ తల్లికి చివరి స్నానం చేయించలేకపోయిన కొడుక్కి ఆ కారణం ఏం ఓదార్పు? లోపల రక్తం తీసి అమ్ముకుంటున్నారని, క్లోరిన్‌తోనే రోగం వస్తోందని పుకార్లు పుట్టాయంటే పుట్టవా మరి!

పైగా అప్పటికి టీకా లేదు, పనిచేస్తుందని తేలిన మందూ లేదు. ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం, జ్వరం, నొప్పి తగ్గించడం, అంతే మా చేతిలో ఉన్నది. ఇలాంటి జ్వరాల్లో ఆ దేశానికే పెద్ద దిక్కయిన డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్ అదే ఏడాది జూలైలో ఎబోలాతో, కైలాహున్‌లోని కేంద్రంలోనే చనిపోయారు. "అంత డాక్టరే బతకలేదు, మేం బతుకుతామా?" అని ఒక ముసలాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు.

నేను చూసినంతలో ఆ భయాన్ని తగ్గించింది కంచె. అవును, కంచే! నారింజరంగు ప్లాస్టిక్ వల, నడుం ఎత్తు. ఒకటి కాదు, రెండు వరసలు, మధ్యలో రెండు మీటర్ల ఖాళీ. లేచి కూర్చోగలిగిన రోగి ఇటువైపు, ఇంటివాళ్లు అటువైపు కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. లోపల మనిషి ఉన్నాడని, గొంతు వాడిదేనని కళ్లారా చూసి వెళ్లేవాళ్లు.

ఒకామె కొడుకు కోసం రోజూ అన్నం, కసావా ఆకుకూర తెచ్చేది. రోగుల వైపు వెళ్లిన వస్తువేదీ బయటికి రాదు, కాల్చేస్తాం లేదా పూడ్చేస్తాం. "అమ్మా, ఈ గిన్నె మీకు తిరిగి రాదు" అని చెప్పించాను. ఒక్క క్షణం గిన్నె వంక చూసుకుని, ఇచ్చేసింది. మర్నాడు ఇంకో గిన్నెతో వచ్చింది.

ఆ అబ్బాయి బతికాడు. క్లోరిన్ నీళ్లతో స్నానం, కొత్త బట్టలు, వ్యాధి లేదని రాసిన సర్టిఫికెట్‌తో బయటికొచ్చాడు. కూడా వచ్చిన ఊరివాళ్లు నాలుగడుగులు వెనక్కి జరిగారు. ఎవరూ ఎవరికీ చెయ్యి కూడా ఇవ్వని రోజులవి. నేను అందరి ముందు వాణ్ని కౌగిలించుకున్నాను. అప్పుడు వాళ్లమ్మ వచ్చి పట్టుకుంది. ఆ తర్వాత వాడు కేంద్రంలోనే పనికి కుదిరాడు. రోగం వచ్చి తగ్గినవాళ్లకు అది అంత తొందరగా మళ్లీ రాదు కాబట్టి, అమ్మానాన్నలు లేకుండా లోపల ఉన్న పసిపిల్లలకు అన్నం పెట్టడానికి అలాంటివాళ్లే మాకు ఆధారం.

ప్రశ్న: కేంద్రం పక్కనే ఉంటే ఊరికి రోగం అంటదా? (అదే పాఠకురాలు)

జవాబు: ఎబోలా గాలిలో ఎగిరొచ్చేది కాదు. రోగి రక్తం, వాంతి, విరేచనం లాంటివి తగిలితేనే అంటుతుంది. లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 21 రోజులు పడుతుంది, అవి కనపడేదాకా ఆ మనిషి నుంచి ఇంకొకరికి రాదు. నేను ఆరు వారాలు ఆ కంచెకు నడిచి వెళ్లేంత దూరంలోనే నిద్రపోయాను. తిరిగొచ్చాక 21 రోజులూ పొద్దున, సాయంత్రం థర్మామీటరు పెట్టుకుని చూసుకున్నాను. జ్వరం రాలేదు.