బస్సుల మీద ఎం.టెక్ థీసిస్: ఏం చదవాలి, డేటా ఎక్కడ దొరుకుతుంది?

మీరు ముఖ్యంగా మూడు విషయాలు అడిగారు. ప్రజా రవాణా మీద ఎం.టెక్ థీసిస్ చేయడానికి ఈమధ్య వచ్చిన పరిశోధనలు ఎక్కడ చదవాలి, డేటా ఎక్కడ దొరుకుతుంది, గైడ్ గారు చెప్పినట్టు మెషీన్ లెర్నింగ్‌తో ట్రాఫిక్‌ను అంచనా వేసే మోడల్ తీసుకోవచ్చా అని. చివరిదానికి ముందు జవాబు చెబుతాను. నేనైతే తీసుకోను.

ఆ రకం పేపర్లలో చాలావాటికి ఆధారం లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల హైవేల సెన్సార్ల డేటా. అక్కడ వాహనం గీసిన లేన్‌లో వెళుతుంది, కింద ఉన్న సెన్సార్ దాన్ని లెక్కపెడుతుంది. మన రోడ్డు మీద ఒక లేన్ వెడల్పులో ఆటో, రెండు బైకులు, వాటి సందులోంచి దూరే స్కూటీ ఉంటాయి. మన రోడ్లకు లెక్కలే వేరు కాబట్టే కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ, అంటే సీఆర్ఆర్ఐ, 2017లో మనకంటూ ఒక హైవే కెపాసిటీ మాన్యువల్ తయారుచేసింది. పరాయి డేటా మీద ఒకటిన్నర శాతం మెరుగైన ఫలితం చూపించి పట్టా తెచ్చుకోవచ్చు, కాదనను. కానీ ఇంటర్వ్యూలో 'మీ ఊరి బస్సు ఎందుకు ఆలస్యమవుతుంది?' అని అడిగితే నోరు మెదపలేరు. కంప్యూటర్ విజన్ వైపే మనసు ఉంటే ఐఐఐటీ హైదరాబాద్ వాళ్లు 2018లో విడుదల చేసిన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ చూడండి. హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన 10,000 చిత్రాలు, వాటిలో కనిపించేవాటిని గుర్తించడానికి 34 వర్గాలు. అందులో ఆటోకూ పశువులకూ విడిగా వర్గాలున్నాయి. రోడ్డు కాకపోయినా బండి పోగలిగిన మట్టి అంచుకు కూడా ఒక వర్గం పెట్టారు. మన రోడ్లు చూసినవాళ్లు చేసిన పని అని అక్కడే తెలిసిపోతుంది.

ఇక అసలు విషయం. నేను ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజనీరింగ్ చదివి, రవాణా సర్వేలు చేసే సంస్థలో కొన్నేళ్లు పనిచేశాను. మీలాంటి విద్యార్థులు అడిగితే నేను మొదట చెప్పేది ఒక్కటే: ఏ డేటానైనా డౌన్‌లోడ్ చేసే ముందు, ఆ అంకె ఎవరి చేతిలో, ఎప్పుడు, ఎలా పుడుతుందో వెళ్లి చూడండి.

మొదట ఒక రద్దీ స్టాప్‌లో నిలబడండి. నోటుపుస్తకం, గడియారం చాలు. బస్సు నంబరు, వచ్చిన సమయం, కదిలిన సమయం, స్టాప్‌లోనే ఆగిందా లేక ముందో వెనకో ఆగిందా, ఈ నాలుగు గళ్లు గీసుకోండి. నేను ఒక నగరంలో ఈ పని చేసినప్పుడు కాగితం మీద ఆ రూట్లో పావుగంటకొక బస్సు. స్టాప్‌లో మాత్రం దాదాపు అరగంట ఏమీ రాదు, ఆపైన ఒకదాని తోక పట్టుకుని ఒకటిగా రెండు బస్సులు వస్తాయి. ముందు బస్సులో జనం ఫుట్‌బోర్డు దాకా వేలాడుతుంటారు, వెనక బస్సులో సీట్లు ఖాళీ. అయినా అందరూ ముందుదానికే ఎగబడతారు. వెనకది ఆగకుండా పక్కనుంచి వెళ్లిపోతుందని వాళ్ల అనుభవం. వాళ్ల అనుమానం చాలాసార్లు నిజమే అయ్యేది.

దీని లెక్క తేలికే. గంటకు నాలుగు బస్సులు, మధ్య ఎడం సరిగ్గా 15 నిమిషాలైతే ప్రయాణికుడు సగటున ఏడున్నర నిమిషాలు నిలబడతాడు. అవే నాలుగు బస్సులు 2, 28, 2, 28 నిమిషాల ఎడంతో వస్తే సగటు నిరీక్షణ 13 నిమిషాలు దాటుతుంది. ఎందుకంటే స్టాప్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ 28 నిమిషాల ఖాళీలోనే వచ్చి పడతారు. ఒక్కో ఎడాన్ని దానితోనే గుణించి, వచ్చినవన్నీ కూడి, ఎడాల మొత్తానికి రెట్టింపుతో భాగించండి, అంతే సూత్రం. డిపో రికార్డులో మాత్రం నాలుగు ట్రిప్పులూ తిరిగాయి, కిలోమీటర్లు పూర్తయ్యాయి, ఏ లోపమూ కనిపించదు. ఆక్యుపెన్సీ రేషియో, అంటే సీట్లు ఎంత శాతం నిండాయన్న లెక్క కూడా బాగానే ఉంటుంది. జనం పడే బాధ ఏ గడిలోనూ నమోదు కాదు. థీసిస్‌కు ఇంతకంటే మంచి చోటు ఎక్కడుంటుంది?

బస్సులు ఇలా గుంపుగా ఎందుకు వస్తాయో న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు 1964లోనే గణితంతో వివరించారు. కాస్త ఆలస్యమైన బస్సు కోసం స్టాప్‌లో జనం ఎక్కువ పోగవుతారు, వాళ్లను ఎక్కించుకోవడంలో అది ఇంకా ఆలస్యమవుతుంది, వెనకదానికి జనం తగ్గి అది దగ్గరపడుతుంది. పరిష్కారాల మీద పరిశోధన ఇంకా సాగుతూనే ఉంది. వాటిలో నాకు బాగా నచ్చింది 2012లో బార్తోల్డి, ఐసెన్‌స్టీన్ చేసిన పని. అట్లాంటాలో జార్జియా టెక్ క్యాంపస్ బస్సుల మీద వాళ్లు షెడ్యూలునే పక్కన పెట్టేశారు. నియమించిన చోటికి చేరిన బస్సు, తన వెనక బస్సు ఎంత దూరంలో ఉందో చూసి దానికి తగినంతసేపు ఆగుతుంది. ఈ ఒక్క నియమంతో ఎడాలు వాటంతట అవే సర్దుకుంటాయని చూపించారు. మన దగ్గర దారి మధ్యలో బస్సును ఆపి ఉంచితే వెనక హారన్ల మోత, లోపల ప్రయాణికుల గొడవ. కానీ చివరి స్టాప్‌లో కంట్రోలర్ ఉన్న రూట్లలో, డ్రైవర్ టీ తాగే ఆ కాసేపటిని ఇలా వాడుకోవచ్చా? జీపీఎస్ డేటా చేతికొస్తే ల్యాప్‌టాప్‌లోనే సిమ్యులేషన్ చేసి చూడగలిగిన ప్రశ్న ఇది.

టికెట్ డేటా గురించి కూడా అడిగారు. టిమ్, అంటే కండక్టర్ చేతిలోని టికెట్ మిషన్‌లో కొట్టిన ప్రతి టికెట్టుకూ ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ, సమయం ఉంటాయి కాబట్టి ఎవరు ఎక్కడ ఎప్పుడు ఎక్కారో తెలిసిపోతుందని అనుకుంటారు. రద్దీ వేళ బస్సులో కండక్టర్ పక్కన నిలబడి చూడండి. జనం రెండో స్టాప్‌లో ఎక్కితే టికెట్ ఐదో స్టాప్ దగ్గర పడుతుంది. అంటే ఆ సమయం ఎక్కినది కాదు, కండక్టర్ చెయ్యి వాళ్ల దాకా చేరినది. పైగా ఛార్జీ లెక్కకు పెట్టుకున్న స్టేజీ వేరు, బస్సు ఆగే స్టాప్ వేరు. ఒక స్టేజీ కింద రెండు మూడు స్టాప్‌లుంటాయి. దిగే స్టేజీ దాటి ఇంకో స్టాప్ దాకా పోయేవాళ్లూ ఉంటారు. ఈ తేడాను కొన్ని ట్రిప్పుల్లో కొలిచి, డేటాను ఎలా సవరించాలో చెప్పినా అది పూర్తి స్థాయి థీసిసే. గైడ్ గారికి మోడల్ కావాలంటే అందులోనే మోడల్ ఉంది.

మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మీద చేయాలని కూడా రాశారు. మంచి సమయం. ఢిల్లీలో 2019 అక్టోబరులో, తమిళనాడులో 2021లో, కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళలకు మొదలైంది. ఇన్ని రాష్ట్రాల్లో వేర్వేరు తేదీల్లో మొదలవడం పరిశోధకుడికి వరం. ముందూ వెనకా పోల్చవచ్చు, పక్క రాష్ట్రంతోనూ పోల్చవచ్చు. తెలంగాణలో కండక్టర్ జీరో టికెట్ కొడతాడు కాబట్టి డబ్బు చేతులు మారకపోయినా ప్రయాణం నమోదవుతుంది. ఐరోపాలో ఎక్కువగా ఉదహరించే అధ్యయనం ఎస్తోనియా రాజధాని తాలిన్‌ది. అక్కడ 2013 జనవరి నుంచి నగరవాసులందరికీ ఉచితం. ఏడాది తర్వాత చూస్తే ప్రజా రవాణా వాడకం 14 శాతం పెరిగింది, కానీ అందులో పెద్ద భాగం అంతకుముందు నడిచి వెళ్లినవాళ్లే. దీన్ని చూపించి 'ఉచితం దండగ' అని రాసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. రెండు కిలోమీటర్లు ఎండలో నడిచి పనికి వెళ్లే ఆవిడ బస్సెక్కడం మన దగ్గర నష్టం కాదు, పథకం ఉద్దేశమే అది. అందుకని ఎంతమంది ఎక్కారన్న దగ్గర ఆగకండి. దూరంగా ఉన్న పనికి వెళ్లగలిగారా, ఆసుపత్రికి ఒంటరిగా వెళ్లారా అన్నది అడగండి. దీనికి జాతీయ గణాంక కార్యాలయం 2019లో, మళ్లీ 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే పనికొస్తుంది. ఇంట్లో ఒక్కొక్కరు రోజంతా ఏం చేశారో అరగంట చొప్పున విడగొట్టి అడిగి రాసిన సర్వే అది. ఇంటింటి వివరాల డేటా ఆ శాఖ మైక్రోడేటా పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతుంది. 2011 జనాభా లెక్కల్లో పనికి వెళ్లే దూరం, వాహనం తెలిపే బి-28 పట్టిక పాతదే అయినా జిల్లా స్థాయిలో ఇప్పటికీ అక్కరకొస్తుంది.

షెడ్యూళ్ల డేటాకు జీటీఎఫ్ఎస్ నేర్చుకోండి. బస్సులు, రైళ్ల వేళల్ని కంప్యూటర్ చదివేలా రాయడానికి 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ, గూగుల్ కలిసి మొదలుపెట్టిన పద్ధతి. నిజానికి ఒక జిప్ ఫైలులో కొన్ని మామూలు టెక్స్ట్ పట్టికలు, అంతే. స్టాప్‌లకొకటి, రూట్లకొకటి, ట్రిప్పులకొకటి, ఏ ట్రిప్పు ఏ స్టాప్‌కు ఎన్నింటికి వస్తుందో చెప్పేది మరొకటి. అందులో 25:30:00 అన్న సమయం కనిపిస్తే తప్పని దిద్దేయకండి. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకు వచ్చే బస్సు, ముందురోజు సర్వీసులోదే అని దాని అర్థం. మన దేశంలో మెట్రోల్లో కొచ్చి 2018లో ముందుగా ఈ డేటా బయటపెట్టింది. ఢిల్లీ బస్సులది ఐఐఐటీ ఢిల్లీ నడిపే ఓపెన్ ట్రాన్సిట్ డేటాలో, హైదరాబాద్ మెట్రోది తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో చూడండి. విశ్లేషణకు పటాలు గీసే క్యూజీఐఎస్, ప్రయాణ సమయాలు లెక్కకట్టే ఆర్5ఆర్ ప్యాకేజీ (బ్రెజిల్ పరిశోధకులు రాసింది) చాలు, రెండూ ఉచితం. గంటలోపు ఏ బస్తీ నుంచి ఎన్ని ఆసుపత్రులకు చేరగలం అన్న పటం మామూలు ల్యాప్‌టాప్‌లోనే వస్తుంది. స్టాప్‌ల పేర్లతో మాత్రం ఓపిక కావాలి. కోఠి ఒక్కటే ఇంగ్లిషులో రెండు మూడు రకాల అక్షరాలతో కనిపిస్తుంది.

రోడ్డు భద్రత వైపు వెళ్లాలనుకుంటే తెలుగు చదవగలగడమే మీకు పెద్ద బలం. కేంద్ర రవాణా శాఖ ఏటా ప్రచురించే నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మరణాలు. కారణాల పట్టికలో 70 శాతానికి పైగా 'అతివేగం'. ఆ అంకె ఎక్కడ పుట్టిందో తెలియాలంటే తెలుగులో రాసిన ఎఫ్ఐఆర్‌లు చదవాలి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశించాక వాటిలో చాలావరకు పోలీసు వెబ్‌సైట్లలో పెడుతున్నారు. నేను చదివినవాటిలో దాదాపు ప్రతిదానిలో ఒకే వాక్యం: 'డ్రైవర్ తన వాహనాన్ని అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి...' పాత శిక్షాస్మృతి ఐపీసీలోని సెక్షన్ 304-ఎ అయినా, దాని స్థానంలో 2024 జూలై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 106 అయినా, కేసు నిలవాలంటే నిర్లక్ష్యం చూపాలి, అందుకే ఆ మాట. వేగం ఎవరూ కొలిచి రాసింది కాదు. లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీని రాత్రిపూట బైకు గుద్దుకున్న కేసులో నిజమైన కారణం కింద నాలుగో వాక్యంలో ఉంటుంది, పట్టికలోకి ఎక్కదు. ఐఐటీ ఢిల్లీలో దినేశ్ మోహన్, గీతం తివారీ బృందం ఏళ్ల తరబడి ఇదే చెప్పింది: పోలీసు రికార్డుల్ని నేరుగా చదివితే పాదచారుల మరణాలు అధికారిక పట్టికల్లో కంటే ఎక్కువగా తేలతాయి. వాళ్లు ప్రచురించే భారత రోడ్డు భద్రతా స్థితి నివేదిక ఉచితం, తప్పక చదవండి. ఒక జాతీయ రహదారి మీద రెండు మూడు పోలీసు స్టేషన్ల పరిధి ఎంచుకుని, ఎఫ్ఐఆర్‌లలోని కథనాన్ని మీరే చదివి కారణాల వారీగా వర్గీకరిస్తే చాలు. ఇంగ్లిషు మాత్రమే చదివే పరిశోధకులకు ఇది చేతకాదు.

చదవడానికి: ట్రిడ్ అన్న ఉచిత సూచిక రవాణా పరిశోధనలకు అతి పెద్దది, చాలావాటి సారాంశాలు దొరుకుతాయి. మన దేశపు పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలకు శోధ్‌గంగ. బస్సు సర్వీసు నాణ్యతను కొలిచే పద్ధతులకు అమెరికా ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ బోర్డు 2013లో తెచ్చిన ట్రాన్సిట్ కెపాసిటీ అండ్ క్వాలిటీ ఆఫ్ సర్వీస్ మాన్యువల్ మూడో కూర్పు, పీడీఎఫ్ ఉచితం. విధానాలు, ఖర్చులు తెలియాలంటే టాడ్ లిట్‌మన్ నడిపే విక్టోరియా ట్రాన్స్‌పోర్ట్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ (కెనడా) వెబ్‌సైట్. డబ్బు కట్టమనే జర్నల్ పేపరు అయితే రచయితకు రెండు లైన్ల మెయిల్ రాయండి, చాలామంది పంపిస్తారు.

డిపో నుంచి డేటా ఎలా అడగాలి అన్నారు. ముందు కాలేజీ లెటర్‌హెడ్ మీద విభాగాధిపతి సంతకంతో, ఒక రూట్, ఒక నెల అని కచ్చితంగా రాసి ప్రాంతీయ కార్యాలయంలో ఇవ్వండి. 'మొత్తం డేటా ఇవ్వండి' అంటే ఎవరూ ఇవ్వరు. ఇస్తే మీరూ చదవలేరు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, జిల్లా స్థాయి కార్యాలయానికి రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. దరఖాస్తులో విశ్లేషణ చేసిపెట్టమని అడగకండి, అలాంటిది తిప్పి పంపే అధికారం వాళ్లకుంది. ఇప్పటికే ఉన్న రికార్డును, ఉన్న రూపంలో, ఎలక్ట్రానిక్ కాపీగా ఇవ్వమనండి. ప్రయాణికుల ఫోన్ నంబర్లు, సిబ్బంది వివరాలు అక్కర్లేదని మీరే ముందుగా రాస్తే తిరస్కరించడానికి ఒక సాకు తగ్గుతుంది. థీసిస్ గడువు తక్కువగా ఉంటే ఈ దరఖాస్తు మొదటి వారంలోనే పెట్టి, అది వచ్చేలోపు స్టాప్ దగ్గర సర్వే ముగించుకోండి. ఏ ఊరిలో, ఏ రూట్ మీద చేయబోతున్నారో ఇక్కడే రాస్తే సర్వే ఫారం నమూనా పంపుతాను.