ఆర్గానిక్ చదవకపోతే ఉద్యోగం రాదా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల గుంటలు చేస్తాం. అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేస్తేనే ఫార్మాలో ఉద్యోగమని అందరూ అంటున్నారు. తనేమో అనలిటికల్ అంటోంది. కెమిస్టుకి చివరికి మందుల షాపే గతి అని బంధువులు భయపెడుతున్నారు. మా తోడల్లుడి కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ఆర్గానిక్, అనలిటికల్ రెండిట్లో ఏది మేలో చెప్పండి.

జవాబు: ముందు మందుల షాపు సంగతి. బోర్డు మీద కెమిస్ట్ అని రాసున్నా, అక్కడ ఉండాల్సింది డీఫార్మసీయో బీఫార్మసీయో చదివి రిజిస్టరైన ఫార్మసిస్టు. మీ అమ్మాయి కూర్చుంటానన్నా కూర్చోనివ్వరు. ఆ భయం వదిలేయండి.

కెమిస్టు ఏం పని చేస్తాడో మీకు తెలియదంటే మాత్రం నేను నమ్మను. గుంటలో నీళ్లు తేడాగా ఉన్న రోజు సీసాలో పట్టుకుని ల్యాబ్‌కి పరుగెత్తేది మీరే కదా? పీహెచ్ ఇంత, ఆల్కలినిటీ ఇంత, అమ్మోనియా ఇంత అని వాళ్లిచ్చిన చీటీ చూసే సున్నం వేయాలా, నీళ్లు మార్చాలా అని తేల్చుకుంటారు. లక్షల పంటను ఆ చీటీకి అప్పజెబుతారు. అదే రొయ్య యూరప్‌కో అమెరికాకో పోవాలంటే క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధిత యాంటీబయాటిక్ మందుల ఆనవాళ్లు లేవని ఇంకో ల్యాబ్ చెప్పాలి. అక్కడ లెక్క వంద కోట్లలో ఒక వంతు దాకా పోతుంది. దేంట్లో ఏది ఎంతుందో తేల్చే ఈ పనంతా అనలిటికలే.

కృష్ణపట్నం వైపు నూనె రిఫైనరీల్లో ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ చూసేదీ, నేలటూరు థర్మల్ కేంద్రం లాంటి చోట్ల బొగ్గులో బూడిద, బాయిలర్ నీళ్లలో సిలికా కొలిచేదీ కెమిస్టులే. సిలికా పట్టించుకోకపోతే ఆవిరితో వెళ్లి టర్బైన్ రెక్కలకు పేరుకుంటుంది. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా చెప్పాలన్నా ఇదే చదువు.

ఇక ఆర్గానిక్, అంటే కార్బన్ పదార్థాల కెమిస్ట్రీ. పాతికేళ్లుగా ఈ ప్రశ్న వింటున్నాను. ఇప్పుడు ఆ మోజు చూస్తే నాకు దిగులుగా ఉంది. సబ్జెక్టు చెడ్డదని కాదు, కొత్త మందు తయారీకి ప్రాణం అదే. కానీ పిల్లలు ఊహించుకునేది ఆర్ అండ్ డీ. చాలామందికి దొరికేది రియాక్టర్ల పక్కన మూడు షిఫ్టుల ప్రొడక్షన్, లేదా క్వాలిటీ కంట్రోల్‌లో హెచ్‌పీఎల్‌సీ అనే, మందులో ఏది ఎంతుందో కొలిచే యంత్రం ముందు కుర్చీ. అంటే రెండేళ్లు ఆర్గానిక్ చదివి, ఉద్యోగంలో అనలిటికల్ నేర్చుకుంటారన్నమాట! ఆర్ అండ్ డీలో చేరినా, పీహెచ్‌డీ లేకుండా కొంత దూరం పోయాక మెట్లు ఆగిపోతాయి. రోజంతా సాల్వెంట్ల వాసన మధ్య, రసాయన చర్య ఎంతవరకు వచ్చిందో చూపే టీఎల్‌సీ ప్లేట్లు చూసుకుంటూ గడపడం ఇష్టమైతే తప్పక చదవాలి. పక్కింటివాళ్లు చదువుతున్నారని మాత్రం వద్దు.

కాస్త కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. మీరు రాసిన ఉత్తరంలో తోడల్లుడి కొడుకు గురించి ఉంది, పక్కవాళ్ల మాటలున్నాయి. అమ్మాయి అనలిటికల్ ఎందుకంటోందో ఒక్క ముక్క లేదు. అడిగారా? సీడ్, అదే రొయ్యపిల్లలు, కొనేటప్పుడు హేచరీని పది ప్రశ్నలు అడిగే మనిషి మీరు.

మొదటి జీతం బెంగళూరు కుర్రాడి జీతంతో పోటీ పడదు, నిజమే. మొదట్లో కష్టంగానే ఉంటుంది, హైదరాబాదో విశాఖ దగ్గర పరవాడో పోయి హాస్టల్లో ఉండాల్సి రావచ్చు. కానీ పరికరం మీద చెయ్యి తిరిగి, రికార్డు అప్పటికప్పుడు నిజాయితీగా రాసే అలవాటున్న పిల్ల ఖాళీగా కూర్చోవడం నేనైతే చూడలేదు. ఫార్మా పొసగకపోతే ఆహారం, నీళ్లు, సిమెంటు, రంగులు ఉన్నాయి. బీఈడీ చేసి పాఠాలు చెప్పుకోవచ్చు. అనలిటికల్‌లో సీటు రాక ఆర్గానిక్ వచ్చినా కొంప మునగదు, క్వాలిటీ కంట్రోల్ వాళ్లు ఇద్దరినీ తీసుకుంటారు.

ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ సంగతి మీకంటే అమ్మాయికే బాగా తెలుసు, అది తనకు వదిలేయండి. కాలేజీ చూడ్డానికి మాత్రం మీరూ వెళ్లండి. హెచ్‌పీఎల్‌సీ ఉందా అని అడగొద్దు, ఉందనే చెబుతారు. అది నడుస్తోందా, పిల్లల్ని దాన్ని ముట్టుకోనిస్తారా అని సీనియర్ పిల్లల్ని పక్కకు పిలిచి అడగండి.