గుణదల మేరీమాత కొండపై తలనీలాలు, కొబ్బరికాయలు ఎందుకు?

విజయవాడ గుణదల కొండకు వచ్చే భక్తులు తలనీలాలు, కొబ్బరికాయలు సమర్పించడం మొక్కు తీర్చుకునే తెలుగువారి అలవాటే గాని, క్రైస్తవ మతం విధించిన నియమం కాదు. విశ్వాసం మారినా కృతజ్ఞత తెలిపే తీరు తరతరాలుగా వచ్చినదే కనుక, విశ్వాసానికి అడ్డురాని స్థానిక పద్ధతులకు చోటివ్వవచ్చని కథోలిక సంఘం భావిస్తుంది. 1962–65లో ప్రపంచ కథోలిక బిషప్పులు సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ ఈ దృష్టిని గట్టిగా బలపరిచింది. ఉదాహరణకు, ఫిబ్రవరి 11న లూర్దుమాత (మేరీమాతకే మరో పేరు) పండుగకు బిడ్డకు గుండు చేయించి, కొబ్బరికాయ, కొవ్వొత్తులతో కొండ మెట్లెక్కే కుటుంబాలు, పైన పూజాబలిలో (కథోలికుల ప్రధాన ఆరాధనలో) మాత్రం ప్రపంచమంతటా కథోలికులు చెప్పుకునే ప్రార్థనలనే తెలుగులో చెప్పుకుంటాయి. క్రైస్తవులందరూ ఇలాగే చేస్తారనుకోవడం పొరపాటు. 1842లో అమెరికా నుంచి వచ్చిన మిషనరీ హయ్యర్ దొర ఆరంభించిన గుంటూరు లూథరన్ (ప్రొటెస్టంట్ శాఖకు చెందిన) సంఘాల ఆరాధనలో ఈ మొక్కులు లేవు. అక్కడ తెలుగుదనం రాగతాళాలతో పాడే కీర్తనల్లో, నా దృష్టిలో మరింత లోతుగా, వినిపిస్తుంది.