యాప్ సంగతి సరే, నాన్నగారి సంగతేమిటి?

గాజువాక నుంచి మీరు రాసిన ఉత్తరం చదివాను. 2020 మార్చిలో జనతా కర్ఫ్యూకు రెండు రోజుల ముందు బెంగళూరు నుంచి ఇంటికి చేరారు. ఏడాదిన్నరగా మేడ మీది గదిలోనే ఉద్యోగం, మీటింగుల్లో ఎవరూ కెమెరా పెట్టరు కాబట్టి రోజంతా మనిషి ముఖం కనిపించదు, ఆ వెలితి తీరడానికి రాత్రి రెండింటిదాకా ఫోన్‌లో వీడియోలు, మర్నాడు పని పాడు. ఫోన్‌ను అదుపుచేసే యాప్ ఏదైనా చెప్పమన్నారు. లేదంటే బెంగళూరు వెళ్లి గది తీసుకోమంటారా అని అడిగారు.

యాప్ పెట్టుకున్న చేత్తోనే తీసేస్తారు. రాత్రి ఫోన్‌ను కింద హాల్లో చార్జింగ్‌కు పెట్టి పైకి వెళ్లండి, చాలు. బెంగళూరులోనూ ఇవే నాలుగు గోడలుంటాయి, అమ్మ చేతి అన్నం మాత్రం ఉండదు.

నా కళ్లు ఆగింది మధ్యలో మీరు బ్రాకెట్లలో పడేసిన ఒక్క వాక్యం దగ్గర: ఫిబ్రవరి నుంచి నాన్నగారికీ మీకూ మాటల్లేవు. విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఆయన, 2021 జనవరి 27న కేంద్రం దాని అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక కూర్మన్నపాలెం దీక్షా శిబిరానికి వెళ్తుంటే, కరోనా కాలంలో ఆ గుంపులోకి ఎందుకని మొదలుపెట్టిన మీరు, ‘రిటైరయ్యారు కదా, ఎవరికి అమ్మితే మీకేం’ అనేదాకా వెళ్లారు. భయం కొద్దీ అన్నానంటున్నారు, నమ్ముతాను. ఆయన చెవిన పడింది మాత్రం ఎగతాళి. 1966లో ఆ కర్మాగారం కోసం 32 మంది ప్రాణాలిచ్చారని వింటూ పెరిగి, అక్కడి జీతంతోనే ఇంజనీరింగ్ చదివిన మీరు ఆ మాట అనవచ్చునా? అమ్మకం మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను రాను, మీ అభిప్రాయం మీరు ఉంచుకోండి. తండ్రి ముప్పై ఏళ్ల చెమటను ఆయన ముఖం మీదే తీసిపారేసే హక్కు కొడుక్కి లేదని నా నమ్మకం. ఈ ఒక్క విషయంలో నేను పాతకాలపు మనిషినే.

అమ్మగారు మీ కంచం మెట్ల మీద పెట్టి వెళ్తున్నారని రాశారు. రెండు పూటలా ఇద్దరికీ విడివిడిగా వడ్డిస్తూ, ఒకరి మాట ఇంకొకరికి మోస్తూ ఆవిడ ఎన్నాళ్లు తిరగాలి?

ఆయనే ముందు పలకరించాలని చూడకండి, క్షమాపణ ఉపన్యాసమూ వద్దు. రేపు ఆయన శిబిరానికి బయలుదేరే వేళకు మీరే బండి తీసి, చేతికి మాస్కు ఇచ్చి, కూర్మన్నపాలెం దాకా దింపి రండి. దారిలో మాటలేమీ తోచకపోతే, రెండో డోసు వేయించుకున్నారా అని అడగండి.