ప్రొటీన్ పౌడర్ లేకుండా ఇంటి తిండితోనే పొట్ట తగ్గి కండ పెరుగుతుందా?

తమ్ముడూ, 75 కిలోలున్నాను, పొట్ట తగ్గాలి, కండ పెరగాలి, పౌడర్ కొనే స్తోమత లేదు, ఇంటి తిండితో అవుతుందా అని అడిగావు. అవుతుంది. నాదీ నల్లగొండే, నాకు అయింది. బరువులెత్తడం మాత్రం ఆపొద్దు. అది లేకపోతే ఎంత ప్రొటీన్ తిన్నా కండ పెరగదు.

మన ఇళ్లలో చిక్కంతా అన్నంతోనే. మిర్యాలగూడ మిల్లులు పక్కనే ఉన్నాయి, కంచం నిండా సన్నబియ్యం అన్నం, దాని మీద ఇంత పచ్చిపులుసు. కడుపు నిండుతుంది కానీ ప్రొటీన్ అందదు. మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. కండ పెంచేవాళ్లకు 1.6 గ్రాముల దాకా కావాలి. అంటే నీకు రోజుకు 120.

ఇంట్లో వండిందే తిన్నాను, వేరే వంట అడగలేదు. నాలుగు గుడ్లతో 24 గ్రాములు వస్తాయి. 200 గ్రాముల పచ్చి చికెన్ కూర వండితే 40 పైనే. చికెన్ లేని రోజు సాగర్ బొచ్చె చేప. 50 గ్రాముల మీల్‌మేకర్‌లో 26 ఉంటాయి, అంత చవకగా ఇంకేదీ రాదు. వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, ఉల్లిగడ్డ, కారం వేసి వేయిస్తే రొట్టెలోకి బాగుంటుంది. మిగతాది పప్పు, పెరుగు, సాయంత్రం శనగ గుడాలతో సరిపోతుంది.

జొన్నరొట్టె తింటే కొవ్వు కరుగుతుందని చాలామంది నమ్ముతారు. జొన్నపిండిలోనూ దాదాపు బియ్యమంత క్యాలరీలు ఉంటాయి. కాకపోతే రెండు రొట్టెలు నమిలి తినేసరికి కడుపు నిండుతుంది, అన్నం అలా కాదు, తెలియకుండానే రెండోసారి వడ్డించుకుంటాం. పల్లీలతోనూ జాగ్రత్త. 100 గ్రాముల్లో 25 గ్రాముల ప్రొటీన్ ఉన్నా క్యాలరీలు 560 దాటతాయి. పాలమూరు వైపు మా చుట్టాలింట్లో పల్లి పొడి పడని కూరే ఉండదు, అక్కడికి వెళ్తే నేను రెండు చెంచాల దగ్గర ఆపేస్తాను.

పూర్తిగా మాడొద్దు. రోజూ తినేదాంట్లో 300 క్యాలరీలు తగ్గిస్తే చాలు. మరీ తగ్గిస్తే కొవ్వుతో పాటు కండా పోతుంది. కాటా మీద అంకె చాలాకాలం కదలకపోవచ్చు, టెన్షన్ పడకు. కొవ్వు పోయిన చోట కండ చేరుతుంటే బరువు అలాగే ఉంటుంది. వారానికోసారి పొద్దున్నే, ఏమీ తినకముందు బొడ్డు దగ్గర టేపుతో కొలుచుకో. కిడ్నీ ఇబ్బంది గానీ షుగర్ మందులు గానీ ఉంటే ముందు డాక్టర్‌ను అడుగు. మూడు పూటలా ఏం తింటున్నావో కింద రాయి, ఎక్కడ మార్చాలో చెబుతాను.