టెక్ సందేహాలు: ఎనిమిది మందికి ఏ ఆట?

ఫోన్ వేడెక్కుతోంది, వైఫై పడకగది దాకా రావట్లేదు అనే ఉత్తరాల మధ్య ఈసారి ఒకే విషయం మీద వరసగా చాలా వచ్చాయి. పెద్దవాళ్లం నలుగురం కూర్చుని ఆడుకోవడానికి ఏ బోర్డు గేమ్ కొనాలి, దానికి ఏ యాప్ కావాలి అని. అట్టపెట్టెలో వచ్చే ఆటకు ఈ శీర్షికలో చోటేమిటని కొందరు విసుక్కోవచ్చు. కానీ ఇప్పుడు ఏది కొనాలో చెప్పేది వెబ్‌సైటు, రూల్స్ నేర్పేది యూట్యూబు, గొడవొస్తే తీర్పు చెప్పేది చాట్‌బాట్. కాబట్టి ఈ వారమంతా వీటికే.

ప్రశ్న: మేం కొండాపూర్‌లో ఉంటాం. నెలకో శనివారం ఆఫీసు స్నేహితులం ఏడెనిమిది మందిమి మా ఫ్లాట్‌లో కలుస్తాం. ఆన్‌లైన్‌లో మంచి పేరుందని కటాన్ కొన్నాం. తీరా చూస్తే నలుగురే ఆడాలట. మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. రేటింగ్ చూసి కొనడం తప్పా?

కటాన్ తప్పేమీ లేదు. 1995లో జర్మనీలో పుట్టింది, ఇవాళ్టి బోర్డు గేమ్‌ల మోజుకు చాలావరకు అదే మొదలు. కానీ ఆ పెట్టెలో ఉన్న సరంజామా ముగ్గురికో నలుగురికో. ఐదారుగురికైతే అదనపు పెట్టె విడిగా అమ్ముతారు, అయితే ఆరుగురితో ఆడితే మీ వంతు మళ్లీ వచ్చేలోపు వంటింట్లోకెళ్లి టీ పెట్టుకుని రావచ్చు. ఎనిమిది మందికైతే ఆ దారీ లేదు.

రేటింగ్ విషయానికొస్తే, బోర్డ్‌గేమ్‌గీక్ అని 2000 నుంచి నడుస్తున్న సైటు ఒకటుంది. ప్రపంచంలోని దాదాపు ప్రతి ఆటకూ అక్కడ ఒక పేజీ ఉంటుంది. అక్కడ మార్కులు వేసేవాళ్లు వారానికి మూడు రోజులు ఆడే వీరాభిమానులు. మూడు గంటల ఆటకు వాళ్లు ఎనిమిదిన్నర ఇచ్చారంటే, వారమంతా మీటింగుల్లో నలిగి శుక్రవారం లాప్‌టాప్ మూసిన మీ స్నేహితుడికి అది నచ్చుతుందని కాదు. అందుకే ఆ పేజీలో ర్యాంకును వదిలేసి ఇంకో రెండు చోట్ల చూడండి. ఒకటి, ఎంతమందితో ఆడితే బాగుంటుందో ఆడినవాళ్లే ఓటు వేసి చెప్పే అంకె. పెట్టె మీద కంపెనీ వేసిన అంకె కంటే ఇది నిజాయితీగా ఉంటుంది. రెండోది ‘వెయిట్’. ఆట ఎంత చిక్కుగా ఉంటుందో ఒకటి నుంచి ఐదు వరకు చెబుతుంది. కొత్తవాళ్లు ఇద్దరున్నా రెండు దాటనివ్వకండి.

ఇది నేను నా పరువు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. ఒకసారి ఆరుగురిని పిలిచి, ర్యాంకు చూసి తెప్పించిన పెద్ద ఆట బల్ల మీద పరిచాను. రూల్స్ చెప్పడానికే యాభై నిమిషాలు పట్టింది. ఇంతలో బిర్యానీ వచ్చింది. తిన్నాక ఎవరికీ రూల్స్ గుర్తులేవు, నాక్కూడా.

మీ ఎనిమిది మందికి నేను మొదట చెప్పేది కోడ్‌నేమ్స్. 2015లో వచ్చింది, మరుసటి ఏడాది జర్మనీలో ‘ఈ ఏటి ఆట’ బహుమతి, అదే స్పీల్ డెస్ యారెస్, గెలుచుకుంది. బల్ల మీద ఐదు వరసల్లో ఇరవై ఐదు మాటలు. రెండు జట్లు. ఒక్కో జట్టుకు ఒక నాయకుడు, ఏ మాట ఏ జట్టుదో చెప్పే చీటీ నాయకులిద్దరికే కనిపిస్తుంది. నాయకుడు సూచనగా ఒక మాట, ఆ సూచన బల్ల మీద ఎన్ని మాటలకు వర్తిస్తుందో చెప్పే ఒక అంకె మాత్రమే చెబుతాడు, వాటితో జట్టు తన మాటలు పట్టుకోవాలి. మధ్యలో ఒక హంతకుడి మాట ఉంటుంది, దాన్ని తాకితే ఆట అక్కడికక్కడే ఓడినట్టు. రూల్స్ ఐదు నిమిషాల్లో చెప్పేయొచ్చు. ఎవరైనా ఆలస్యంగా వస్తే ఏదో ఒక జట్టులో కలిపేసుకోవచ్చు, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఇరుక్కునే స్నేహితులున్నవాళ్లకు ఇదొక్కటే చాలు.

ఒకరినొకరు అనుమానించుకుంటూ అరుచుకోవాలని ఉంటే అవలాన్ తెచ్చుకోండి, ఐదుగురి నుంచి పది మంది దాకా. మన మధ్య దాక్కున్న హంతకులెవరో కనిపెట్టాలంటూ కాలేజీలో ఆడిన మాఫియా ఆటకు బంధువే, కానీ ఇందులో ‘చచ్చిపోయి’ మూలన కూర్చునేవాళ్లుండరు, చివరిదాకా అందరూ ఆటలోనే. ఆట మొదట్లో ద్రోహులు ఒకరినొకరు గుర్తుపట్టేందుకు, కళ్లు మూసుకోండి, తెరవండి అని చెప్పే పని ఫోన్లో యాప్‌కి అప్పగించొచ్చు. ఫోన్‌కు ఆ రాత్రి నేనిచ్చే ఉద్యోగం అంతే.

కటాన్‌ను అటక మీద పెట్టకండి. నలుగురొచ్చిన రోజు తీయండి. ఎనిమిది మంది వచ్చినా రెండు బల్లలు వేసుకుంటే తప్పేముంది? ఒక బల్ల మీద కటాన్, ఇంకో దాని మీద పాండెమిక్. ఇది అందరూ ఒకే పక్షం, బోర్డు మీది రోగాలే ప్రత్యర్థి, నలుగురి దాకా ఆడొచ్చు. ఆ బోర్డు మీద 48 నగరాలున్నాయి. మన దేశం నుంచి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై. హైదరాబాద్ లేదు. ఇన్ని వ్యాక్సిన్లు తయారుచేసే ఊరికి ఇది అన్యాయమని ఆడిన ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు.

ప్రశ్న: నిజాంపేటలో మా ఇంట్లో మా అత్తగారు, మామగారు, మా ఆడపడుచు కుటుంబం పండగలకు కలుస్తాం. కొన్న ఆటలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. అత్తయ్య గారికి చదవడం ఇబ్బంది, పక్కన కూర్చుని చూస్తుంటారు. తెలుగులో ఆడుకునే యాప్ కానీ గేమ్ కానీ ఉందా?

కొనడం కంటే చేసుకోవడం మేలు, అదీ సగం ఖర్చుతో. పైన చెప్పిన కోడ్‌నేమ్స్ పెట్టెలో నాయకుల చీటీలు 40 ఉంటాయి, వాటి మీద అక్షరాలేమీ ఉండవు, రంగులే. వాటిని అలాగే ఉంచి మాటల కార్డులు మాత్రం మీరు తెలుగులో చేసుకోండి. పెట్టె కూడా కొనకపోతే, కాగితం మీద ఇరవై ఐదు గళ్లు గీసి తొమ్మిది ఒక జట్టువి, ఎనిమిది రెండో జట్టువి, ఏడు ఎవరివీ కానివి, ఒకటి హంతకుడిది అని గుర్తు పెట్టుకుంటే చాలు.

ఈ ఆటకు బలం నానార్థాలు. ఆ విషయంలో మన భాషకు కొదవేముంది? పన్ను, కోటి, చుక్క, వంక, పాలు, అర, తార. గుడి, కొమ్ము అనే మాటలు బల్ల మీదుంటే నాయకుడు ‘అక్షరం, రెండు’ అనొచ్చు. గుడి అంటే దేవుడి గుడి, కొమ్ము అంటే ఎద్దు కొమ్ము అని కోడళ్లు తల గోక్కుంటుంటే, పలక మీద గుణింతం దిద్దిన అత్తయ్య గారు చటుక్కున రెండూ పట్టేస్తారు. ‘ఆదాయం, రెండు’ అంటే పన్ను, కోటి. ఎదుటి జట్టు ‘సుల్తాన్ బజార్, ఒకటి’ అన్నా అదే కోటి, ఈసారి హైదరాబాద్‌లోని పేట. ఒక్క జాగ్రత్త, మన భాషలో మాటలు అతుక్కుంటాయి కాబట్టి ‘గుడిమెట్లు’ ఒక మాటా, రెండా అని తగువొస్తుంది. విభక్తులు ఒప్పుకోం, వాడుకలో ఉన్న సమాసాలు ఒప్పుకుంటాం అని ముందే అనుకోండి.

ఇక టెక్ పని. గూగుల్ షీట్స్‌లో ఒకే నిలువు వరసలో రెండు వందల మాటలు ఫోన్లోనే వాయిస్ టైపింగ్‌తో చెప్పేయొచ్చు, ఇంటిల్లిపాదీ తలా పాతిక చెబితే గంట పని. కంప్యూటర్లో ఆ వరసను ఎంచుకుని డేటా మెనూలో ‘రాండమైజ్ రేంజ్’ నొక్కితే మాటలన్నీ కలిసిపోతాయి. ముద్రించకుండా ఆడాలంటే పై ఇరవై ఐదింటిని టీవీ మీద చూపించుకోవచ్చు. ముద్రించాలనుకుంటే విజిటింగ్ కార్డు సైజు, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) అట్ట. గూగుల్ ఫాంట్లలో రామభద్ర దూరం నుంచి బాగా కనిపిస్తుంది, మండలి చదవడానికి హాయి.

షాపుకి వర్డ్ ఫైలు మాత్రం ఇవ్వకండి. వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే ఒత్తులు ఎగిరిపోయి ‘అమ్మ’ ఇంకేదో అవుతుంది. పీడీఎఫ్ చేసి ఇవ్వండి. చాలా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లలోనే టైపు చేస్తారు. అవి యూనికోడ్, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే పద్ధతి, కావు కాబట్టి వాళ్లు టైపు చేసిచ్చింది మీ షీట్‌లోకి తెచ్చుకుంటే పిచ్చి గీతలే వస్తాయి. టైపింగ్ మీరే చేసుకోండి, ముద్రణ వాళ్లకివ్వండి.

కొనాలనే ఉంటే డిక్సిట్ చూడండి. 84 కార్డులు, అన్నీ బొమ్మలే, చదివే పని లేదు. ఒకరు తన చేతిలోని బొమ్మకు ఒక మాట చెబుతారు, మిగతావాళ్లు ఆ మాటకు సరిపోయే బొమ్మను తమ దగ్గర నుంచి వేస్తారు, కలిపి పరిచాక అసలుది ఏదో ఊహించాలి. అందరూ కనుక్కున్నా, ఒక్కరూ కనుక్కోకపోయినా చెప్పినవాళ్లకు సున్నా. అందుకే మరీ సూటిగానూ కాకుండా మరీ గూఢంగానూ కాకుండా చెప్పాలి. సామెతలు దానికోసమే పుట్టాయా అనిపిస్తుంది. ‘కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు’ అని మామగారు అంటే బల్ల చుట్టూ నిశ్శబ్దం చూడాలి.

ఇవేవీ వద్దంటే అష్టాచమ్మా ఉంది. గవ్వలు, చాక్‌పీసు. యాప్ అవసరం లేదు, ఛార్జింగ్ అంతకన్నా లేదు.

ప్రశ్న: రూల్స్ పుస్తకం ఇరవై పేజీలుంది. చాట్‌బాట్‌ని అడిగితే చక్కగా చెబుతోంది. నమ్మొచ్చా?

ఊరికే అడిగితే నమ్మకండి. ఒకే ఆటకు పాత ఎడిషన్, కొత్త ఎడిషన్, అదనపు పెట్టెలు, జనం ఇళ్లలో అలవాటు చేసుకున్న సొంత పద్ధతులు అన్నీ కలిపి ధీమాగా చెప్పే ప్రమాదం ఉంది. చాలామంది ప్రచురణకర్తలు రూల్స్ పుస్తకాన్ని పీడీఎఫ్‌గా తమ సైటులో ఉచితంగా పెడతారు. దాన్ని చాట్‌బాట్‌కి ఎక్కించి, ‘ఇందులో ఉన్నదే చెప్పు, పేజీ అంకె కూడా చెప్పు’ అనండి. ఆ పేజీ ఒకసారి తీసి చూసుకోండి. ఆట మధ్యలో వచ్చే సందేహాలకు ఇది భేషుగ్గా పనికొస్తుంది. మొదటిసారి నేర్చుకోవడానికి మాత్రం యూట్యూబులో ‘వాచ్ ఇట్ ప్లేడ్’ లాంటి ఛానల్ వీడియోను ఇంటికి పిలిచే మీరే ముందురోజు చూసి పెట్టుకోవడం మేలు. అతిథులకు చూపించకండి, వాళ్లు ఆడటానికొచ్చారు.

సొంత పద్ధతులంటే గుర్తొచ్చింది, మొనాపలీ. అది తెల్లారేదాకా సాగుతుందని అందరూ తిడతారు. అసలు రూల్స్‌లో, ఒకరు ఆగిన స్థలం కొనకపోతే వెంటనే దాన్ని వేలం వేయాలి. జరిమానా డబ్బు మధ్యలో పోగేసి ‘ఫ్రీ పార్కింగ్’లో ఆగినవాళ్లకు ఇవ్వడం రూల్స్‌లో లేనే లేదు. మన ఇళ్లలో వేలం మానేసి ఆ బహుమతి పెట్టుకున్నాం. ఆట సాగక ఏం చేస్తుంది?

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో రూమ్మేట్లం ఆరుగురం. 43 అంగుళాల టీవీ, ఒక లాప్‌టాప్ ఉన్నాయి. బోర్డు కొనకుండా ఆడేవి ఉన్నాయా?

జాక్‌బాక్స్ పార్టీ ప్యాక్. ఒక్కరు కొంటే చాలు. లాప్‌టాప్‌లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం ద్వారా నడిపి టీవీకి తగిలించండి, తెర మీద వచ్చే నాలుగు అక్షరాల కోడ్‌ని మిగతావాళ్లు తమ ఫోన్ బ్రౌజర్‌లో జాక్‌బాక్స్ సైటు తెరిచి కొడితే ఆటలోకి వచ్చేస్తారు, యాప్ అక్కర్లేదు. చాలా ఆటలు ఎనిమిది మంది దాకా. వైఫై మీద కాస్టింగ్ చేయకండి, బొమ్మ ఆలస్యమవుతుంది, హెచ్‌డీఎంఐ వైరు వాడండి. ప్రశ్నలు ఇంగ్లిష్‌లో, అమెరికా జోకులతో ఉంటాయి. అందుకే బొమ్మలు గీసే డ్రాఫుల్‌తో మొదలుపెట్టండి. స్టీమ్‌లో డిస్కౌంట్లు తరచుగా వస్తాయి, పూర్తి ధర పెట్టి కొనకండి.

ప్రశ్న: మా బ్యాచ్‌లో సగం డాలస్‌లో ఉన్నారు. కలిసి ఆడే మార్గం?

బోర్డ్ గేమ్ అరీనా. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, వందల ఆటలున్నాయి, రూల్స్ తప్పకుండా అదే చూసుకుంటుంది. కొన్ని ఆటలకు డబ్బు కట్టిన సభ్యత్వం కావాలి, కానీ బల్ల తెరిచేవాళ్లకు ఒక్కరికి ఉంటే మిగతావాళ్లు ఉచితంగా కూర్చోవచ్చు. డాలస్ మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. మనకు ఆదివారం ఉదయం ఎనిమిదంటే వాళ్లకు శనివారం రాత్రి, అదే సరైన సమయం. కుదరకపోతే వంతులవారీ పద్ధతి పెట్టుకుని రోజుకో ఎత్తు వేసుకోండి. మాటలకు పక్కన వీడియో కాల్ తెరిచి పెట్టుకోండి, అది లేకపోతే సరదా సగమే.

ప్రశ్న: ఆట రాత్రుల్లో రమ్మీ యాప్‌లో పందెం వేసుకుందామంటున్నారు. పర్వాలేదా?

వద్దు. రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆటేనని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది, ఆ కేసు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుదే. కానీ తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతా నిషేధించింది. ‘ఇక్కడ నడుస్తుంది’ అంటూ లింకు పంపే యాప్‌లను ఫోన్లో ఎక్కించకండి, మీ బ్యాంకు యాప్ కూడా అదే ఫోన్లో ఉంది.

ప్రశ్న: కార్డులకు నూనె మరకలు పడుతున్నాయి. ఏం చేయాలి?

స్లీవ్‌లని, కార్డుకు వేసే పారదర్శకమైన తొడుగులు దొరుకుతాయి. కొనేముందు స్కేలుతో కొలవండి. పేకముక్కలాంటి మామూలు గేమ్ కార్డులు 63.5 × 88 మిల్లీమీటర్లు, డిక్సిట్‌వి 80 × 120. ఒకదానివి ఇంకోదానికి పట్టవు. మీరు ముద్రించుకున్న తెలుగు కార్డులకైతే షాపులోనే లామినేషన్ చేయించండి. బిర్యానీ ఆటకు ముందే తినేసి, చేతులు సబ్బుతో కడుక్కుని కూర్చోండి. మిర్చీ బజ్జీలు బల్ల మీదకు రానివ్వకండి.