రాత్రి ఒంటిగంటకు ఎవరితో ఈ గొడవ?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మావారికి 61 ఏళ్ళు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరుగా చేసి రెండేళ్ళ క్రితం మానేశారు. ఎవరినీ పరుషంగా ఒక మాట అని ఎరగని మనిషి. ఇప్పుడు రాత్రి ఒంటిగంట దాకా ఫేస్‌బుక్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్ళతో వాదనలు. ఆరోగ్యశ్రీ ఎవరి హయాంలో బాగా నడిచింది, ట్రస్టు చూసుకోవాలా బీమా కంపెనీలకు ఇవ్వాలా, పాలసీల మీద జీఎస్టీ తీసేస్తే లాభం జనానికా కంపెనీలకా, అప్పులు చేసి పథకాలు పంచొచ్చా, ఇవీ గొడవలు. ఎక్కడ మొదలైనా బీమా దగ్గరికే వస్తాయి. పొద్దున్నే కాఫీ ఇస్తుంటే ‘వాడికి ఏం జవాబిచ్చానో విను’ అని చదివి వినిపిస్తారు. నాకు ఒళ్ళు మండి ‘మీకేం పనీపాటా లేదా’ అంటాను. బీపీకి మాత్ర వేసుకుంటారు. ఈమధ్య 160 చూపిస్తోంది.

పోయిన కార్తీకంలో మా అత్తగారు జారిపడితే తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఆవిడకు 78. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి కట్టే 5 లక్షల పాలసీలో ఆవిడ పేరు కూడా ఉంది. అమ్మ సుఖంగా ఉండాలని ఈయనే రోజుకు 8 వేల గది తీసుకున్నారు. తీరా చూస్తే పాలసీలో గదికి 5 వేలే పరిమితి అట. బిల్లులో చాలా కోసేశారు. లక్ష పైచిలుకు ఈయన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి కట్టారు. దాని గురించి ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

సంక్రాంతికి అమ్మాయి, అల్లుడు విజయవాడ పటమట నుంచి వచ్చారు. కనుమ నాడు భోజనాల దగ్గర ఏదో మాటల్లో అల్లుడు, ‘పేపర్లు చదవకుండా సంతకాలు పెట్టేది మనమే కదా మావయ్యగారూ’ అన్నాడు. అంతే, ఈయన ‘మీలాంటి అమ్ముడుపోయిన వాళ్ళ వల్లే రాష్ట్రం ఇలా తగలడింది’ అని గట్టిగా అరిచారు. అల్లుడు చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. ఉగాదికి రామని అమ్మాయి అంటోంది. అబ్బాయేమో ఫోన్లో ఆ యాప్ తీసేస్తానంటున్నాడు. ఫోన్ దాచేయమంటారా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: దాచొద్దు. యాప్ కూడా తీయించొద్దు. 61 ఏళ్ళ మనిషి చేతిలోంచి ఫోన్ లాక్కుంటే వాదించడం మానరు. ఇంట్లో వాళ్ళు కూడా తనకు ఎదురు పార్టీయే అన్న నిర్ణయానికి వస్తారు. మీ అబ్బాయికి ఈ మాట గట్టిగా చెప్పండి.

ఉత్తరం అంతా ఫేస్‌బుక్ గురించి రాశారు గానీ, నాకు పట్టుకున్న వాక్యం వేరే ఉంది. ‘దాని గురించి ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు’ అన్నారు. లక్ష దాటిన సొమ్ము ఇంట్లోంచి పోయింది, ఆ మాట ఎవరూ ఎత్తలేదు! మీరు ఆయన్ను నొప్పించకూడదని ఊరుకుని ఉంటారు. మీ అబ్బాయీ అంతే అయ్యుంటాడు. ఆయన మాత్రం ఊరుకోలేకపోతున్నారని నాకు అనిపిస్తోంది. ఆయనతో నేను మాట్లాడలేదు కాబట్టి ఇది ఊహే. కానీ అప్పుల గురించి మొదలైన వాదన, పథకాల గురించి మొదలైన వాదన, అన్నీ తిరిగి తిరిగి బీమా దగ్గరికే ఎందుకు వస్తున్నాయో ఆలోచించండి.

అమ్మకు మంచి గది తీసుకోవడం ఏ కొడుకూ తప్పనుకోడు. అయితే ఈయన ఇన్నేళ్ళు ఎవరి బస్తాలు ఎన్ని, ఎవరు ఎంత అద్దె బాకీ అన్న లెక్క పైసాతో సహా చూసిన మనిషి. ఆయన లెక్క తప్పింది. అదీ కొడుకు డబ్బు కట్టిన పాలసీలో. ఆ నామోషీని ఇంట్లో ఎవరితోనైనా చెప్పుకోవాలంటే ముందు ‘నేను చూసుకోలేదు’ అనాలి. ఎవరో తెలియని మనిషిని తిట్టడానికి ఆ ఇబ్బంది లేదు. కనుమ నాడు మీ అల్లుడు ‘మనమే’ అన్నాడు, తనను కూడా కలుపుకునే అన్నాడు. మీవారికి మాత్రం ‘మీరే’ అని వినపడి ఉంటుంది.

ఆయన ఇచ్చిన జవాబు కూడా చూడండి. అల్లుడితో మామగారు మాట్లాడే భాషేనా అది? అమ్ముడుపోయిన వాళ్ళు, మీలాంటి వాళ్ళు... రోజూ రాత్రి టైపు చేసి చేసి నోటికి కూడా అలవాటైపోయిన మాటలు. అల్లుడు పార్టీ ఊసే ఎత్తలేదు గదా. ఆ క్షణంలో ఆయన ఎదురుగా కనపడింది అల్లుడు కాదేమో.

ఇంకో సంగతి. మిర్చి సీజన్లో కోల్డ్ స్టోరేజీ మేనేజరు ఫోన్ ఎలా మోగుతుందో మీకు నేను చెప్పాలా? ఖాళీ ఉందా అని రైతు, సరుకు ఎప్పుడు తీయాలని కమీషన్ వ్యాపారి, తెల్లారకముందే లారీ డ్రైవరు. రెండేళ్ళుగా ఆ ఫోన్ మోగడం లేదు. ఇప్పుడు మోగేది ఎవరో కామెంట్ పెట్టినప్పుడే. తిట్టినా సరే, తన మాటకు ఎవరో ఒకరు బదులిస్తున్నారు. ఇంట్లో చదివి వినిపిస్తే వచ్చే బదులు ఏమిటో మీరే రాశారు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. పొద్దున్నే స్టవ్ ముందు నిలబడ్డ ఆడవాళ్ళకు జీఎస్టీ చర్చ వినే ఓపిక ఎక్కడుంటుంది!

పైగా ఆయన వాదిస్తున్నవి చిల్లర విషయాలు కావు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం పేరు 2014 తర్వాత, 2019 తర్వాత, 2024 తర్వాత మారుతూనే వచ్చింది. 2023 డిసెంబరులో పరిమితి 25 లక్షలు చేశారు. ఎవరి అభిమానులకు వాళ్ళ లెక్కలున్నాయి. జీఎస్టీ సంగతీ అంతే. వ్యక్తులు, కుటుంబాలు సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీల మీద 18 శాతం పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా తీసేశారు. కట్టేవాళ్ళకు భారం తగ్గిందన్నది నిజం. కంపెనీలు తమ ఖర్చుల మీద కట్టిన పన్నును ఇదివరకటిలా సర్దుబాటు చేసుకునే వీలు పోయింది కాబట్టి అసలు ప్రీమియం పెంచవచ్చన్న అనుమానంలోనూ పస ఉంది. ఇద్దరి దగ్గరా కొంత నిజం ఉన్న వాదన తేలదు. అదే శంకర్ విలాస్ సెంటర్లో నలుగురు నిలబడి వాదించుకుంటే, ఎవరో ఒకరికి షాపు తెరిచే టైమవుతుంది, నవ్వుకుంటూ విడిపోతారు. ఫోన్లో ఆ షాపు టైము రాదు. ఆఖరి మాట తనదే కావాలని ఇద్దరూ కూర్చుంటారు.

అందుకని వాదించొద్దని చెప్పకండి. బీమా మీద ఆయనకున్న కోపం న్యాయమైనదే కావచ్చు. ఆ కోపం వినాల్సిన చోటు వేరే ఉంది, అక్కడికి ఆయన ఇంతవరకు వెళ్ళినట్టు లేదు.

రేపు కాఫీ దగ్గర ఆయన చదవడం మొదలుపెడితే పూర్తిగా వినండి. విని, ‘ఏవండీ, పన్ను తీసేశారు గదా, మరి మనవాడి పాలసీకి ఈసారి ఎంత తగ్గింది? పాత రసీదు, కొత్త నోటీసు పక్కపక్కన పెట్టి చూడండి’ అని అడగండి. వెటకారం లేకుండా అడగండి, నిజంగానే తెలుసుకోవాల్సిన విషయం అది. కట్టాల్సిన మొత్తం ఒక్కటే కాదు, అసలు ప్రీమియం ఎంత, పన్ను ఎంత అని విడివిడిగా చూడమనండి. లెక్కల మనిషికి ఇది చేతకాని పని కాదు. అలా ఆ ఫైలు బీరువాలోంచి బయటికి వస్తుంది.

ఆ ఫైల్లోనే అత్తగారి క్లెయిమ్ కాగితాలుంటాయి. వాటిని పక్కన కూర్చుని చూడండి. గది పరిమితి దాటితే కంపెనీ గది అద్దెలో తేడా ఒక్కటే కోసి ఊరుకోదు. 5 వేల పరిమితికి 8 వేల గది అంటే అర్హత 62.5 శాతమే అని, డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ వంటి ఖర్చులన్నిటినీ అదే దామాషాలో తగ్గిస్తుంది. లక్ష రూపాయల ఫీజుకు 62,500 ఇస్తుందన్నమాట. పాలసీలో ఆ షరతు ఉంటే అంతవరకు మీరు చేయగలిగింది తక్కువ. కానీ మందులు, ఇంప్లాంట్లు (ఒంట్లో అమర్చే పరికరాలు), స్కానింగులు, రక్తపరీక్షలు ఈ దామాషా కోతలోకి రాకూడదని బీమా నియంత్రణ సంస్థ 2020లో మార్గదర్శకాలిచ్చింది. ఐసీయూ చార్జీలకూ ఈ కోత వర్తించదు. తుంటి ఆపరేషన్లో ఇంప్లాంటు ఖర్చు కూడా పెద్దదే. దాన్ని కూడా కోశారా? మీ పాలసీ పుస్తకంలో ‘అనుబంధ వైద్య ఖర్చులు’ (Associated Medical Expenses, అంటే ఈ దామాషా కోత వర్తించేవి) అన్నదానికి నిర్వచనం ఏమని ఉందో, కంపెనీ పంపిన సెటిల్‌మెంట్ కాగితంలో ఏయే పద్దు ఎంత తగ్గించారో ఆయన ఒక్కొక్క వరుస సరిచూడాలి. ఫేస్‌బుక్‌లో పెట్టే శ్రద్ధలో పావు వంతు చాలు.

తేడా కనపడితే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా పంపాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు ఆ ఆఫీసు హైదరాబాదులో ఉంది. ఆన్‌లైన్లో కూడా ఫిర్యాదు తీసుకుంటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల దాకా వివాదాలు వింటారు. కంపెనీ కాదన్నప్పటి నుంచి ఏడాది లోపల వెళ్ళాలి, కాబట్టి కాగితాల మీద తారీఖులు జాగ్రత్తగా చూసుకోండి. తీర్పు వస్తే కంపెనీ దాన్ని పాటించాల్సిందే.

పాలసీ అబ్బాయి పేరు మీద ఉంది గనుక సంతకం అతనిదే కావాలి. ఇది మంచికే. తండ్రి రాస్తాడు, కొడుకు సంతకం పెడతాడు. ఆ రాతకోతల మధ్యలోనే గది మాట కూడా దానంతటది వస్తుంది. వచ్చినప్పుడు ‘నేనయినా అదే గది తీసుకునేదాన్ని’ అని ఒక్క మాట అనండి. అది మీరు అనాలి, ఇంకెవరు అన్నా పనికిరాదు. డబ్బు వెనక్కి వస్తుందని నేను హామీ ఇవ్వలేను. పైసా రాకపోయినా, ఎక్కడ ఎంత పోయిందో ఆయనకు తెలుస్తుంది. నాకు అదే ముఖ్యం.

అత్తగారికి ఇంకో పని కూడా ఆయనకే అప్పగించండి. 70 ఏళ్ళు దాటిన వాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఆయుష్మాన్ భారత్ కింద వైద్యం ఇచ్చే పథకాన్ని కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. దానికి ‘వయ వందన’ కార్డు తీసుకోవాలి. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. ఆధార్ పట్టుకుని వార్డు సచివాలయంలో అడిగితే కార్డు సంగతి, గుంటూరులో ఏయే ఆసుపత్రుల్లో చెల్లుతుందన్న సంగతి తెలుస్తుంది.

బీపీ 160 అంటే వాయిదా వేసే విషయం కాదు. ఈ వారంలోనే డాక్టరుకు చూపించి, నిద్ర ఎన్ని గంటలన్నది కూడా దాచకుండా చెప్పించండి. రాత్రి ఫోన్ హాల్లో చార్జింగ్ పెట్టే అలవాటు ఇద్దరికీ కలిపి పెట్టుకోండి. మీరు పడకగదిలో సీరియల్ చూస్తూ ఆయన్ను మాత్రం ఫోన్ పెట్టేయమంటే సాగదు. ఆయన సొంత పేరుతో, ఫోటోతో రాస్తున్నట్టయితే పిల్లల ఫోటోలు బయటివాళ్ళకు కనపడకుండా సెట్టింగు మార్చమని అబ్బాయికి చెప్పండి. యాప్ తీసేయడం కంటే ఈ పనికి అతను బాగా పనికొస్తాడు. నెలా రెండు నెలలు చూసినా నిద్ర కుదరక, కోపం పెరుగుతూనే ఉంటే మానసిక వైద్యుణ్ని కలవండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో ఆ విభాగం ఉంది. ఆయన రానంటే ముందు మీరు 14416కు ఫోన్ చేసి మాట్లాడండి. అది మానసిక ఆరోగ్య సలహాల కోసం ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

ఇక ఉగాది. అల్లుడికి మీరు ఫోన్ చేసి ‘ఆయన తరఫున’ సర్దిచెప్పకండి. అమ్మాయి ద్వారా రాయబారం కూడా వద్దు. అన్నం ముందు కూర్చున్న అల్లుణ్ని అలా అన్నది ఆయన, ఫోన్ చేయాల్సింది ఆయనే. వెంటనే చేయమని ఒత్తిడి పెడితే మొండికేస్తారు. క్లెయిమ్ కాగితాలు సగం చూశాక, ఏదైనా ఇంగ్లీషు షరతు అర్థం కాని చోట, ‘అల్లుణ్ని అడిగి చూడకూడదూ, అతను ఇవి చదివేవాడిలా ఉన్నాడు’ అనండి. ఆయన మొహం చూస్తే మీకే తెలుస్తుంది, ఆరోజు చేస్తారో ఇంకో వారం పడుతుందో. అమ్మాయికి మాత్రం ఇప్పుడే చెప్పండి: నాన్న ఫోన్ చేస్తే షరతు గురించి అడిగినా సరే, దాన్ని క్షమాపణ కిందే లెక్క వేసుకుని ఫోన్ అల్లుడికి ఇమ్మనండి.